తలుపు చప్పుడు విన్న డాక్టరమ్మ
రాయవేలూరు ఆస్పత్రి స్థాపించిన ఐడా స్కడర్ జీవిత విశేషాలు

చిత్తూరు బస్టాండులో తెల్లవారుజామున వేలూరు బస్సు కోసం వేచి ఉండేవారిని చూస్తే వారు ఏ పని మీద పోతున్నదీ ఒకరు చెప్పనక్కరలేదు. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో పాత చీటీల సంచీ, పక్కన దుప్పటి కప్పుకున్న రోగి. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, పీలేరు ప్రాంతాల నుంచి ఇలా బయలుదేరేవారు తరతరాలుగా ఉన్నారు. ఇక్కడ నయం కాని జబ్బుకు రాయవేలూరే దిక్కన్న మాట మన జిల్లాలో ఇంటింటా వినవచ్చేదే.

ఆ ఆస్పత్రికి మూలపురుషుడు ఎవరని అడిగితే చాలామంది ఎవరో తెల్లదొర అయి ఉంటాడంటారు. కాని అది ఒక స్త్రీ చేతి చలువ. ఆమె పేరు డాక్టర్ ఐడా సోఫియా స్కడర్. ఈ దేశంలోనే పుట్టి, ఈ దేశంలో ఉండనని పట్టుబట్టి, ఒక్క రాత్రి అనుభవంతో మనసు మార్చుకుని, ఆ తరువాత అరవై సంవత్సరాలు ఈ గడ్డనే అంటిపెట్టుకున్న మనిషి ఆమె. దేవుడు తన చేత ఏ పని చేయించదలచాడో తెలుసుకోవడానికి ఆమె ఆకాశం వంక చూడలేదు. తన గుమ్మంలో నిలిచినవారి వంక చూశారు. ఆమె జీవితంలో తెలుసుకోదగిన అంశం అదే.

ఒకే జిల్లా బిడ్డ

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. ఆనాడు రాణిపేట, వేలూరు, చిత్తూరు అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. జిల్లా ముఖ్యపట్టణం చిత్తూరు. 1911లో చిత్తూరు వేరే జిల్లాగా ఏర్పడేవరకు ఈ ఏర్పాటే కొనసాగింది. కాబట్టి ఐడా మన పాత జిల్లా బిడ్డే అనడంలో తప్పులేదు.

ఆమె తాతగారు డాక్టర్ జాన్ స్కడర్ న్యూయార్కులో మంచి ప్రాక్టీసు వదులుకుని 1819లో సింహళానికి ఓడ ఎక్కారు. అమెరికా నుంచి విదేశాలకు వెళ్లిన తొలి మిషనరీ వైద్యుడిగా ఆయన్ను చెబుతారు. తరువాత ఆయన మద్రాసు వచ్చి స్థిరపడ్డారు. ఆయన కుమారులు కూడ మిషనరీలే అయ్యారు. వారు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషన్ కార్యకలాపాలు అటు తమిళ ప్రాంతాలలోను, ఇటు పలమనేరు, మదనపల్లె వంటి తెలుగు ప్రాంతాలలోను సాగాయి. ఆ కుమారులలో కడగొట్టు వాడైన రెండవ జాన్ స్కడర్ ఐడా తండ్రి. ఆయనా వైద్యుడే. తల్లి సోఫియా వెల్డ్. అన్నల తరువాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల ఐడా.

ఇంత మంది మిషనరీల ఇంట్లో పుట్టిన పిల్ల మరో మిషనరీ కావడం సహజమేనని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం.

వద్దనుకున్న బతుకు

1876-78 సంవత్సరాలలో మద్రాసు రాజధానిని కరువు పట్టి పీడించింది. లక్షలాది జనం తిండిలేక మరణించారు. వేలూరులో స్కడర్ల బంగళా ముందు ఆకలితో అలమటించే పిల్లలు బారులు తీరేవారు. ఆరేడేళ్ల ఐడా తన చిన్న చేతులతో వారికి రొట్టెముక్కలు పంచింది. కొందరు పిల్లలు ఆ ముక్కను నోటిదాకా తీసుకుపోయే ఓపిక లేక పడిపోవడం కళ్లారా చూసింది. ఆ దృశ్యం ఆమె మనసులో దయను పుట్టించినదానికంటె భయాన్ని ఎక్కువగా నాటింది.

కొంతకాలానికి కుటుంబం అమెరికా వెళ్లింది. తండ్రి మళ్లీ ఇండియాకు వచ్చేశారు. తల్లి కూడ ఆయన వద్దకు బయలుదేరక తప్పలేదు. పిల్లను చదువు కోసం బంధువుల ఇంట వదిలారు. తల్లి బయలుదేరిన రాత్రి ఆ పిల్ల అమ్మ తలగడలో ముఖం దాచుకుని ఏడ్చిందట. తన తల్లిదండ్రులను తన నుంచి లాక్కున్నది ఇండియాయేనని ఆ పసి మనసు నిశ్చయించుకుంది.

మాసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డులో ప్రసిద్ధ బోధకుడు మూడీ నెలకొల్పిన బాలికల విద్యాలయంలో ఐడా చదివారు. చురుకైన పిల్ల, అందగత్తె, అల్లరిలో ముందుండే మనిషి. చదువయ్యాక అమెరికాలోనే ఉండి, పెళ్లి చేసుకుని, హాయిగా జీవించాలన్నది ఆమె కోరిక. స్కడర్ల ఇంటి పేరున్నంత మాత్రాన తానూ మిషనరీ కానక్కరలేదని స్నేహితురాళ్లతో తెగేసి చెప్పేవారు.

1890లో తల్లికి జబ్బు చేసిందన్న కబురు వచ్చింది. తల్లికి సాయంగా కొద్దికాలం ఉండి తిరిగి పోదామన్న ఉద్దేశంతో ఆమె బయలుదేరారు. అప్పటికి తండ్రి దక్షిణార్కాటులోని తిండివనంలో పనిచేస్తున్నారు.

మూడు పిలుపులు

1890 దశకం ఆరంభంలో ఒక రాత్రి. తిండివనం బంగళాలో ఐడా దీపం ముందు ఒంటరిగా కూర్చున్నారు. వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే ఒక యువ బ్రాహ్మణుడు నిలిచి ఉన్నాడు. భార్యకు నొప్పులు మొదలై చాలాసేపయిందని, మంత్రసాని చేతులెత్తేసిందని, వచ్చి కాపాడమని వేడుకున్నాడు. తాను డాక్టరును కాదని, తన తండ్రి డాక్టరని, ఆయన్ను వెంటనే లేపుతానని ఐడా చెప్పారు. పరపురుషుడు తన ఇంటి ఆడదాన్ని ముట్టుకోవడం ఆచారం కాదని, అంతకంటె ఆమె చనిపోవడమే మేలని చెప్పి అతను వెనుదిరిగాడు.

కొద్దిసేపటికి మళ్లీ అడుగుల చప్పుడు. ఈసారి వచ్చినవాడు ఒక ముస్లిం. అతని భార్యదీ అదే స్థితి. తండ్రిని వెంటబెట్టుకుని తానూ వస్తానని, ఆయన చెప్పినట్టు తానే చేస్తానని ఐడా అన్నారు. ఘోషా పాటించే ఇంట్లో పరాయి మగవాడు అడుగు పెట్టరాదని అతనూ వెళ్లిపోయాడు. మూడవసారి వచ్చినవాడు మరో అగ్రకులస్థుడు. అదే మాట, అదే జవాబు.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తన ఈడు ఆడవాళ్లు ముగ్గురు నడిచిపోగల దూరంలో ప్రాణాలతో పోరాడుతున్నారు. తెల్లవారాక వీధిలో చావు డప్పులు వినిపించాయి. నౌకరును పంపి విచారిస్తే, ముగ్గురిలో ఒక్కరు కూడ దక్కలేదని తెలిసింది.

ఐడా గది తలుపు వేసుకుని చాలాసేపు ప్రార్థనలో గడిపారు. ఆమెకు అశరీరవాణి ఏదీ వినిపించలేదు. కలలో ఎవరూ కనిపించలేదు. ఒకే రాత్రి ముగ్గురు మనుషులు, మూడు వేరువేరు ఇళ్ల నుంచి, ఒకే అవసరంతో తన తలుపు తట్టారన్నదే ఆమెకు తెలిసిన సంగతి. అదే దేవుని పిలుపు కాకపోతే మరేది పిలుపు అన్న ప్రశ్నకు ఆమె వద్ద సమాధానం లేకపోయింది. గదిలోంచి బయటికి వచ్చి, తాను అమెరికా వెళ్లి వైద్యం చదివి తిరిగివస్తానని తల్లిదండ్రులకు చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఎవరైనా దైవప్రేరణ అని చెప్పుకునేది చాలాసార్లు వారి సొంత కోరికకే వేసిన మేలిముసుగు అవుతుంది. ఐడా విషయంలో ఆ అనుమానానికి తావు లేదు. ఆమె కోరుకున్నది ఒకటి, ఆమెకు వినిపించినది మరొకటి. రెండవదానికి ఆమె తలవంచారు.

పక్కగదిలో విన్న మనిషి

1895లో ఆమె ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాల స్త్రీలకు ప్రవేశం కల్పించగానే 1898లో అక్కడికి మారి, 1899లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు.

వేలూరులో స్త్రీలకు ఒక చిన్న ఆస్పత్రి కట్టడానికి ధనం పోగుచేయవలసిందిగా మిషన్ బోర్డువారు ఆమెను కోరారు. బయలుదేరే గడువు దగ్గరపడింది. చేతికి వచ్చింది స్వల్పం. న్యూయార్కులో ఒక సంపన్న మహిళను కలిసి తిండివనం రాత్రి ముచ్చట, ఆస్పత్రి అవసరం వివరించి వచ్చారు. ఆ ఇంటి పక్కగదిలో ఆమె బావగారు రాబర్ట్ షెల్ అనే వృద్ధ బ్యాంకరు ఉన్నారు. ఆ మాటలన్నీ ఆయన చెవిన పడ్డాయని చెబుతారు. మరునాడు ఆయన ఐడాను పిలిపించి, దివంగతురాలైన తన భార్య మేరీ టేబర్ షెల్ స్మారకంగా 10,000 డాలర్లు ఇచ్చారు. ఆనాటికి అది పెద్ద మొత్తం.

1900 జనవరి 1న ఐడా తన స్నేహితురాలు ఆనీ హాంకాక్‌తో కలిసి ఇండియా చేరారు. తండ్రి వద్ద కొన్నేళ్లు పని నేర్చుకుని ఆపైన సొంతంగా వైద్యం చేయాలన్నది ఆమె ఆలోచన. అయితే ఆ సంవత్సరమే మే నెలలో తండ్రి క్యాన్సరుతో కన్నుమూశారు. అనుభవం లేని చేతులతో, ఒంటరిగా, ఆమె పని మొదలుపెట్టవలసి వచ్చింది.

పదడుగుల ఆస్పత్రి

వేలూరు మిషన్ బంగళాలోని పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గల గదే ఆమె మొదటి ఆస్పత్రి. కిటికీలో నుంచి మందులిచ్చేవారు. వంటవాని భార్య సలోమి ఆమెకు తొలి సహాయకురాలు. మందులు నూరడం, కట్లు కట్టడం, పనిముట్లు ఉడకబెట్టడం ఒక్కొక్కటే ఆమెకు నేర్పారు.

మొదట జనం రాలేదు. ఆడడాక్టరంటే నమ్మకం లేదు. పైగా పిలుపు వచ్చిన తొలి రోగి చేయి దాటిన స్థితిలో ఉండి మరణించింది. ఆ వార్త పాకి కొన్నాళ్లు గుమ్మం తొక్కినవారే లేరు. తాను విన్న పిలుపు నిజమేనా అన్న సందేహం ఆ రోజుల్లో ఆమెను వేధించి ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. ఆమె మాత్రం రోజూ గది ఊడ్పించి, మందులు సర్ది, కిటికీ తెరిచి కూర్చున్నారు. మెల్లగా ఒకరిద్దరు వచ్చారు. నయమైనవారు మరో పదిమందికి చెప్పారు. మొదటి రెండు సంవత్సరాలలోనే సుమారు 5,000 మందికి ఆ చిన్న గదిలో వైద్యం జరిగింది.

1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తెరిచారు. మొదటి పెద్ద శస్త్రచికిత్స చేసినప్పుడు ఆమెకు తోడుగా ఉన్నది సలోమి ఒక్కర్తే. చేయకపోతే రోగి బతకదు, చేస్తే ఏమవుతుందో తెలియదు. ప్రార్థించి కత్తి పట్టారు. రోగి బతికింది. ఆనాటి షెల్ ఆస్పత్రి పేరు వేలూరులో ఈనాటికీ కంటి ఆస్పత్రి రూపంలో నిలిచి ఉంది.

చెట్ల నీడన వైద్యం

ఆస్పత్రికి రాగలవారు వస్తున్నారు. రాలేనివారి మాటేమిటి? వేలూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో ఆమెకు ఈ ప్రశ్న ఎదురయింది. బండి కనబడగానే రోడ్డు పక్క పల్లెలవారు రోగులను ఎత్తుకువచ్చి ఆపేవారు. తమిళంతోపాటు తెలుగు కూడ వినిపించే ప్రాంతం అది. మొదట దారిన పోతూ ఆగి చూసిన ఈ వైద్యం 1906 నుంచి వారం వారం సాగే పద్ధతిగా స్థిరపడింది. ఫలానా రోజున ఫలానా చెట్టు కింద డాక్టరమ్మ ఆగుతుందని పల్లెలన్నీ ఎరుగుదురు. కండ్ల జబ్బులు, పుండ్లు, జ్వరాలు, కుష్ఠు, అన్నీ ఆ నీడనే చూసేవారు.

1909లో ఆమెకు ఒక చిన్న ఫ్రెంచి మోటారు కారు వచ్చింది. ఎద్దులూ గుర్రమూ లేకుండా గడగడలాడుతూ వచ్చే ఆ బండిని చూసి దయ్యమేమోనని తొలుత జనం పొలాల్లోకి పరుగెత్తారు. తరువాత దాని చప్పుడు వినగానే రోడ్డు మీదికి పరుగెత్తసాగారు. పల్లె ముంగిటికే వైద్యం తీసుకుపోవాలన్న భావన మన దేశంలో పథకాలుగా రూపుదాల్చడానికి దశాబ్దాల ముందే ఇక్కడ చెట్ల కింద అమలు జరిగింది.

ఒక చేయి చాలదు

సంవత్సరాలు గడిచేకొద్దీ ఐడాకు ఒక సత్యం బోధపడింది. తిండివనంలో ముగ్గురు చనిపోయారు. అలాంటి ఊళ్లు రాజధానిలో వేలకొద్దీ ఉన్నాయి. తాను ఎన్ని గంటలు నిలబడి పనిచేసినా ఎన్ని గుమ్మాలకు పోగలదు? ఈ దేశపు ఆడపిల్లలే డాక్టర్లు, నర్సులు కావాలి. అదొక్కటే మార్గం.

1909లో నర్సుల శిక్షణ పాఠశాల ఆరంభమైంది. తరువాత వైద్య పాఠశాల ప్రతిపాదన తెచ్చారు. మద్రాసు ప్రభుత్వ సర్జన్ జనరల్ కర్నల్ బ్రైసన్‌కు అది జరిగే పని కాదనిపించింది. ఆరుగురు ఆడపిల్లలు దరఖాస్తు పెట్టినా ప్రారంభించుకోవచ్చునని అనుమతిచ్చారు. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు వచ్చిపడ్డాయి. 1918 ఆగస్టు 12న గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ పాఠశాలను ప్రారంభించారు. చేరినవారు ఇరవైమందికి లోపే. అద్దె ఇల్లు, ఒక అస్థిపంజరం, ఒక మైక్రోస్కోపు, కొన్ని పుస్తకాలు. శరీరశాస్త్రం ఐడాయే బోధించేవారు. ఉదయం శస్త్రచికిత్సలు, ఆపై పాఠాలు, రాత్రి మరునాటి పాఠానికి తయారీ.

మొదటి సంవత్సరాంత పరీక్షకు తన పిల్లలను మద్రాసు తీసుకుపోయారు. మగ విద్యార్థులే అయిదింట ఒక వంతు గట్టెక్కడం గొప్ప, ఆడపిల్లలపై ఆశ పెట్టుకోవద్దని పెద్దలు ముందే హెచ్చరించారు. ఫలితాలు చదివే రోజున మగపిల్లల పేర్లు ముగిశాక వేలూరు జాబితా చదివారు. పరీక్ష రాసిన 14 మందీ ఉత్తీర్ణులయ్యారు. 1922లో వారు పట్టాలు పుచ్చుకుని దేశం నలుమూలలా పనికి కుదిరారు.

అమెరికాలో స్త్రీల సంఘాలు ఆసియాలోని మహిళా కళాశాలలకు 20 లక్షల డాలర్లు పోగుచేస్తే తాము మరో పది లక్షలు ఇస్తామని రాక్‌ఫెల్లర్ నిధివారు ప్రకటించారు. లూసీ పీబాడీ అనే ప్రముఖ మహిళతో కలిసి ఐడా ఊరూరా తిరిగి ఉపన్యసించారు. గడువులోగా మొత్తం సమకూరింది. అందులో వేలూరుకు వచ్చిన వాటాతో 1923లో పట్టణంలో కొత్త ఆస్పత్రి వెలసింది. 1928లో ఊరి వెలుపల బాగాయం వద్ద 200 ఎకరాల స్థలంలో కళాశాల నిర్మాణానికి పునాదులు పడ్డాయి. ఆ సంవత్సరమే మహాత్మాగాంధీ ఈ సంస్థను సందర్శించారు.

కఠిన పరీక్ష

ఐడా జీవితంలో అన్నిటికంటె పెద్ద పరీక్ష అరవై ఏడేళ్ల వయసులో వచ్చింది. అప్పటివరకు ఇక్కడ ఇస్తున్నది ఎల్.ఎం.పి. డిప్లొమా. 1938లో మద్రాసు ప్రభుత్వం ఆ కోర్సును ఎత్తివేస్తూ నిర్ణయం తీసుకుంది. ఇకపై వైద్య విద్య విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. స్థాయిలోనే ఉండాలన్నారు. అందుకు కావలసిన ఆచార్యులు, ప్రయోగశాలలు, పడకలు వేలూరుకు లేవు. మూసివేయడమా, ముందుకు పోవడమా అన్నది ప్రశ్న.

దక్షిణాదిలోని మిషన్లన్నీ కలిసి స్త్రీ పురుషులకు ఒకే వైద్య కళాశాల నడుపుదామన్న సూచన వచ్చింది. అందుకు వేలూరే అనువైన చోటన్నారు. కాని స్త్రీల కోసం స్త్రీలు నడిపే కళాశాల అన్నది ఐడా నలభై ఏళ్ల కల. దాని కోసం అమెరికాలో విరాళాలిచ్చిన స్త్రీలు తమ మాట తప్పుతున్నారని నొచ్చుకున్నారు. ఒకనాడు ఆమెతో ఊరూరా తిరిగిన లూసీ పీబాడీయే తీవ్రంగా వ్యతిరేకించారు. ఆ స్నేహం చెడింది.

ఐడా చాలాకాలం తటపటాయించారు. తిండివనంలో విన్న పిలుపు స్త్రీల కోసం వచ్చిందే. ఆ పిలుపుకు విధేయురాలై కట్టిన గోడను అదే పిలుపు పేరిట తొలగించవచ్చునా? ఆ ముగ్గురు భర్తలు అడిగింది ఒక డాక్టరును. కళాశాలే మూతపడితే ఆ డాక్టరు ఎక్కడినుంచి వస్తుంది? చివరికి ఉమ్మడి కళాశాలకే ఆమె మొగ్గారు. నిన్న విన్నమాటనే పట్టుకుని నేడు చెవులు మూసుకోవడం విధేయత కాదని ఆమె నడవడి చెప్పింది. ఈ నిర్ణయం ఆమె పాత స్నేహితురాళ్లలో కొందరికి కడదాకా మింగుడుపడలేదు.

1941లో ఏడుపదుల వయసులో, ప్రపంచయుద్ధం నడుమ ఆమె మళ్లీ అమెరికా వెళ్లి కళాశాల కోసం చేయిచాచారు. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులకు అనుమతి లభించింది. 1947లో మగ విద్యార్థులు ప్రవేశించారు. అంతకు ముందు ఏడు, 1946లో, నర్సుల పాఠశాల డిగ్రీ కళాశాలగా ఎదిగింది.

విశాఖ ఆడపడుచు

1946లో ఐడా పదవీ విరమణ చేశారు. తాను కట్టిన సంస్థను ఈ దేశస్థుల చేతుల్లో చూడాలన్నది ఆమె అభిలాష. ఆ బాధ్యత చేపట్టినవారు మన తెలుగునాట విశాఖపట్నంలో 1890లో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ కావడం మనకు గర్వకారణం. ప్రసూతి వైద్యంలో దేశమంతటా పేరుగన్న ఆమె సంస్థకు తొలి భారతీయ డైరెక్టరుగా 1954 వరకు పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, నిధులకూ మనుషులకూ కొరతగా ఉన్న రోజుల్లో సంస్థను నిలబెట్టారు. 1961లో ఆమెకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 1978లో కన్నుమూశారు.

ఐడా కళ్లముందే సంస్థ ఎదిగింది. కుష్ఠువల్ల వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేసే పద్ధతిని డాక్టర్ పాల్ బ్రాండ్ ఇక్కడే 1948 ప్రాంతంలో రూపొందించారు. మెదడు శస్త్రచికిత్సా విభాగాన్ని డాక్టర్ జేకబ్ చాండీ 1949లో ఇక్కడ ఆరంభించారు.

చెవిపెట్టి వినే అలవాటు

ఐడా దినచర్యలో తెల్లవారుజాము ప్రార్థనకు కేటాయించినది. కోరికల చిట్టా చదవడం ఆ ప్రార్థనలో ప్రధానం కాదు. కొంతసేపు మౌనంగా కూర్చోవడం, నాటి పనిని ఒక్కొక్కటిగా మనసులో దేవుని ముందు ఉంచడం, ఆపైన ఆస్పత్రికి నడవడం. విద్యార్థినులకు ఆమె మక్కువతో బోధించింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ప్రేమ అధ్యాయం. ఇతరుల చేత సేవ చేయించుకోవడానికి కాక, ఇతరులకు సేవ చేయడానికే అన్న అర్థం వచ్చే సువార్త వాక్యం కళాశాల ఆదర్శమైంది.

ఆమె ముఖం ముడుచుకున్న సన్యాసిని కాదు. పువ్వులంటే, పిల్లలంటే, మంచి భోజనమంటే ఇష్టం. టెన్నిసు ఆటలో తనకంటె ఎంతో చిన్నవారిని ముసలితనంలో కూడ ఓడించేవారు. కోపమూ ఎక్కువే. ఆస్పత్రిలో అలసత్వం కనబడితే సహించేవారు కారు. గెర్ట్రూడ్ డాడ్ అనే స్నేహితురాలు తన ఆస్తిని, కాలాన్ని కూడ సంస్థకు ధారపోసి దాదాపు మూడు దశాబ్దాలు ఆమె వెంట నిలిచారు. ఇలాంటి తోడు లేకుంటే ఇంత పని సాధ్యమయ్యేది కాదు.

ఆమె చూసిన రోగుల్లో అన్ని మతాలవారూ, అన్ని కులాలవారూ ఉన్నారు. రోగి ఏ దేవునికి మొక్కుతాడన్నది మందుచీటీకి సంబంధించిన విషయం కాదు. ఒకనాడు మగ డాక్టరును గడప దాటనివ్వని ఇళ్ల నుంచే తరువాత ఆడపిల్లలు డాక్టర్లు కావడానికి వేలూరు వచ్చారు. తిండివనం రాత్రికి అంతకు మించిన జవాబు లేదు.

చివరి దినాలు

1920లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. బిరుదుల కంటె ఆమెకు వచ్చే ఉత్తరాల గురించే జనం ఎక్కువగా చెప్పుకునేవారు. ఊరు, జిల్లా రాయకుండా డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం తిన్నగా ఆమెకు అందిందన్న ముచ్చట ప్రసిద్ధం.

విశ్రాంత జీవితం కొడైకెనాల్‌లోని హిల్‌టాప్ అనే ఇంట గడిచింది. ఏటా వేలూరు వచ్చి వార్డులన్నీ కలయదిరిగేవారు. 1960 మే నెలలో, తొంభయ్యవ ఏట కొడైకెనాల్‌లోనే ఆమె కన్నుమూశారు. భౌతికకాయాన్ని వేలూరు తెచ్చి, ఆ ఊరి మట్టిలోనే సమాధి చేశారు. వీధుల వెంట వేలాది జనం నిలబడి కడసారి చూశారు. వారిలో ఎందరో ఆమె చేతుల మీదుగా పుట్టినవారే.

పదడుగుల గదిలో మొదలైన పని మన జిల్లా సరిహద్దు దాటి లోపలికీ వచ్చింది. గుడిపాల మండలంలో ఆ సంస్థ శాఖ ఉంది. 2022లో ఆమె పుట్టిన రాణిపేట వద్ద పెద్ద ఆస్పత్రి ప్రాంగణం ప్రారంభమైంది.

దేవుడు మాట్లాడడం లేదని వాపోయేవారు లోకంలో తక్కువేమీ కాదు. ఐడా స్కడర్ జీవితాన్ని చూస్తే ఆ మాట అనడానికి నోరు రాదు. ఆమెకు వినిపించింది ముగ్గురు సామాన్యుల అడుగుల చప్పుడు. ఆ రాత్రి వారికి ఆమె చేయగలిగినది ఏమీ లేకపోయింది. కాని తలుపు మూసి దీపం ఆర్పి మరచిపోవడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. చిత్తూరు నుంచి తెల్లవారుజాము బస్సులో రోగిని భుజాన ఆనించుకుని పోయే ప్రతి తల్లీ ఆ ఒప్పుకోకపోవడానికి ఇంతో అంతో రుణపడి ఉంది.